ఆ పుస్తకాలు మనవి కావా?

ఈమధ్య ఒక తెలుగువారి విందులో పిల్లల చదువుల మాట వచ్చింది. మా అమ్మాయి పదకొండో తరగతి ఇంగ్లీషు టీచరు ఇచ్చిన జాబితాలో షేక్స్పియర్‌తో పాటు టోనీ మారిసన్, సాండ్రా సిస్నెరోస్ ఉన్నారు. "శాట్ పరీక్షకి పనికొచ్చేది చెప్పకుండా ఈ నల్లవాళ్ళ గొడవా, మెక్సికన్ల గొడవా మన పిల్లలకెందుకండీ?" అన్నారొక మిత్రుడు. తలలూపినవాళ్ళే ఎక్కువ. ఆ రోజు నేనూ నోరు మెదపలేదు. అందుకే ఇప్పుడిది రాస్తున్నాను.

"ముందు చదవడం, రాయడం సరిగ్గా నేర్పండి, మిగతావన్నీ తరవాత" అనే వాదన వినడానికి బాగానే ఉంటుంది. కానీ పిల్లలు చదవడం నేర్చుకునేదే చదివి కదా! పుస్తకంలో తనకు పట్టే సంగతేదో ఉంటేనే పిల్లవాడు రెండో పేజీ తిప్పుతాడు.

అరిజోనాలోని టూసాన్ సంగతి చూడండి. అక్కడి హైస్కూళ్ళలో మెక్సికన్ అమెరికన్ సాహిత్యం, చరిత్ర చెప్పే కోర్సులుండేవి. 2010లో రాష్ట్రం వాటికి వ్యతిరేకంగా చట్టం చేసింది. 2012లో కోర్సులు మూతపడ్డాయి, కొన్ని పుస్తకాలు తరగతి గదుల్లోంచి పెట్టెల్లోకి వెళ్ళాయి. ఆ కోర్సులు చదివిన పిల్లలు రాష్ట్ర పరీక్షలు పాసవడంలోనూ, హైస్కూలు పూర్తిచేయడంలోనూ తోటివాళ్ళకంటే ముందున్నారని అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు తరవాత తేల్చారు. ఆ నిషేధం వెనక ఉన్నది జాతివివక్షేనని 2017లో ఫెడరల్ జడ్జి తీర్పిచ్చారు. చదువు పేరు చెప్పి చదువునే దెబ్బతీశారన్నమాట.

"దాంతో మనకేం పని?" అంటారా? 2005-06లో కాలిఫోర్నియా ఆరో తరగతి పుస్తకాల్లో ప్రాచీన భారతదేశం గురించి ఏం రాయాలన్నదానిపై భారతీయులం అటూ ఇటూ చేరి ఎంత పోట్లాడుకున్నాం! మన కథ ఎలా చెప్పాలో అడిగే హక్కు మనకుంటే, పక్కింటి మెక్సికన్‌కి లేదా?

వందేళ్ళకు పైబడి, గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకున్నారు, పుస్తకాలు రాశారు, బడులు పెట్టించారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి, మర్నాడు ఇంకొకరి పిల్లల పుస్తకం అనవసరమనడం మనకే చెల్లింది.

వచ్చే నెల మా స్కూలు బోర్డులో ఆ జాబితా చర్చకొస్తోంది. ఈసారి నేను వెళ్ళి మాట్లాడతాను. మీ ఊళ్ళో బోర్డు సమావేశం ఎప్పుడో కనుక్కున్నారా?