ఉప్పునీటి తొట్టిలో ఇరుగుపొరుగు

గాజుతొట్టిలో ఉప్పునీరు నింపి పగడములను, సముద్రపు చేపలను పెంచు వేడుక కొందరి యిండ్లలో కానవచ్చుచున్నది. వేడుకను మేము తప్పుపట్టము. కాని చేపలను చీరలవలె రంగు చూచి యేరుట మాకు సమ్మతము కాదు.

2003లో వెలువడిన ‘ఫైండింగ్ నీమో’ చలనచిత్రమున బాలుర మనస్సు దోచిన నీలిచేప బ్లూ టాంగ్. అంగడిలో నది రెండంగుళములుండవచ్చును. పెరిగినచో నడుగు పొడవగును. చిన్న తొట్టిలో దాని కీదుటకు చోటేది? అందే కనబడు క్లౌన్ చేప నాలుగంగుళములకు మించుట యరుదు. దానిని తొట్టిలోనే పుట్టించి పెంచుట మండపములోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు సాధించిరి. కనుక సముద్రమును దోచుకొన బనిలేదు.

లయన్ ఫిష్ తన నోట బట్టు ప్రతి చేపను మ్రింగును. సీతాకోకచిలుక చేపలలో పెక్కు పగడములనే కొరికి తినును. డామ్సెల్ చూడ చిన్నదే, కాని మహా కలహప్రియము. దానిని ముందు విడిచితిమా, తొట్టియంతయు తనదే యనుకొని వెనుక వచ్చినవానిని తరుమును. సముద్రమున నోడిన చేప పారిపోవును. గాజుగోడల నడుమ నెక్కడికి పోగలదు? అందుచేత సాధువులను ముందును, గయ్యాళులను కడపటను విడువవలెను. అసలు డామ్సెలును కొననేల యని మా యభిప్రాయము.

ఈ చేప యెంత పెరుగును, ఏమి తినును, వేనితో పోరును అని యంగడివాని నడుగుడు. తెలియదన్నచో, ఆ నెల తొట్టిలో పగడములు మాత్రమే యుండనిండు.