రెండు నెలలేగా, వెళ్ళి రానివ్వండి!

ఆడపిల్ల ఎమ్మెస్సీలో ఫస్టు క్లాసు తెచ్చుకుంటే వీధంతా స్వీట్లు పంచుతాం. అదే పిల్ల "అమ్మా, వేసవిలో రెండు నెలలు విదేశంలో సైన్సు నేర్చుకోవడానికి దరఖాస్తు పెడతా" అంటే మాత్రం ఇంట్లో అందరి మొహాలూ మారిపోతాయి. ఒక్కతీ ఎలా వెళ్తుంది? ఏం తింటుంది? సంబంధాలు చూస్తున్న సమయంలో ఇదేమిటి? ఇన్ని ప్రశ్నలు వేస్తాం గానీ, "అక్కడ ఏం నేర్పుతారే?" అని ఒక్కరమూ అడగం. నాకు బాధనిపించేది అదే.

ఆ అడగని ప్రశ్నకి జవాబుగా ఒక ఉదాహరణ చెబుతాను. స్విట్జర్లాండులో, జెనీవా పక్కన ఫ్రాన్సు సరిహద్దు మీద సెర్న్ అనే పరిశోధనా కేంద్రం ఉంది. భూమికి సుమారు 100 మీటర్ల అడుగున, 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న సొరంగంలో ప్రోటాన్లను దాదాపు కాంతివేగంతో పరుగెత్తించి ఢీకొట్టిస్తారు. 2012లో హిగ్స్ బోసాన్ కణం జాడ దొరికింది అక్కడే. 1989లో వరల్డ్ వైడ్ వెబ్ ఆలోచన పుట్టిందీ అక్కడే.

ఆ సెర్న్ 1962 నుంచి వేసవిలో విశ్వవిద్యాలయ విద్యార్థులను పిలిచి పని నేర్పుతోంది. ఎనిమిది నుంచి పదమూడు వారాలు. పేరున్న శాస్త్రవేత్తల పాఠాలు వినడం, ఒక పరిశోధక బృందంలో చేరి నిజమైన పని చెయ్యడం, చివర్లో దాని మీద నివేదిక రాయడం. ఫిజిక్సు వాళ్ళకే కాదు, ఇంజనీరింగు, కంప్యూటర్లు, లెక్కలు చదివేవాళ్ళకీ అవకాశముంది. భారతదేశం 2017లో సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశమైంది. అంతకు ముందే, 2004లో మన దేశం కానుకగా ఇచ్చిన నటరాజ విగ్రహం ఆ ఆవరణలో నిలబడి ఉంది. మన నటరాజస్వామి వెళ్ళిన చోటికి మన అమ్మాయి వెళ్ళకూడదా?

ఇక డబ్బు సంగతి. ఇక్కడ తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాల్సిందే. సెర్న్ లాంటి చోట పోటీలో ఎంపికైన విద్యార్థికి రోజువారీ భత్యమూ, ప్రయాణానికి సాయమూ వాళ్ళే ఇస్తారు. లక్షల్లో ఫీజు కట్టించుకుని నడిపే వేసవి కోర్సులు వేరు. అవన్నీ మోసమని అనను. కానీ పాఠం చెప్పేదెవరు, పిల్ల చేతులతో చేసే పనేమిటి, బస ఎక్కడ, ఆరోగ్య బీమా ఉందా అని అడక్కుండా మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టకండి.

అయితే, నిజమైన అడ్డు అన్నిసార్లూ డబ్బు కాదు. నాకు తెలిసిన ఒకావిడ కొడుకు ఫీజు కోసం పొలం మీద అప్పు చేసింది. పైసా ఖర్చులేని శిక్షణకి కూతురు దరఖాస్తు పెడతానంటే "పెళ్ళయ్యాక మీ ఆయన్ని అడుగు" అంది. ఆ అమ్మాయి మళ్ళీ ఆ మాటెత్తలేదు. వేసవి ఏటా వస్తుంది గానీ, పిల్ల విద్యార్థిగా ఉండే వేసవులు ఎన్ని?

అన్నా మణి కథ మన ఆడపిల్లలకి చెప్పాలి. 1918లో కేరళలో పుట్టిన ఆవిడ, ఎనిమిదో పుట్టినరోజుకి ఇంటి ఆచారం ప్రకారం వజ్రాల దుద్దులిస్తామంటే వద్దని ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అడిగిందట. 1945లో స్కాలర్‌షిప్పు మీద లండన్ వెళ్ళి వాతావరణ పరికరాల గురించి నేర్చుకుంది. 1948లో తిరిగొచ్చి, ఆ పరికరాలు మన దేశంలోనే తయారయ్యేలా పాటుపడింది. ఆ రోజుల్లోనే అంత దూరం వెళ్ళొచ్చిన ఆడపిల్ల ఉంటే, ఇవాళ రోజూ ఫోన్లో మొహం చూసుకుంటూ మాట్లాడే వీలున్న మనకి ఇంత భయమెందుకు? అన్నట్టు, 2016 నుంచి 2025 దాకా సెర్న్‌ని నడిపించింది కూడా ఒక స్త్రీయే. ఫాబియోలా జనోట్టి ఆవిడ పేరు.

ఇలాంటి దరఖాస్తులు పెట్టేది వేసవిలో కాదు, చలికాలంలోనే. కాబట్టి పిల్ల డిగ్రీలో ఉండగానే పాస్‌పోర్టు తీయించండి. సిఫారసు ఉత్తరాల కోసం మేష్టార్లని ముందే అడగమనండి. ఎంపిక కాకపోతే చిన్నబుచ్చుకోనవసరం లేదు. సెర్న్ వేసవి పాఠాల రికార్డింగులు ఎవరైనా ఉచితంగా వినొచ్చు. దరఖాస్తు పెట్టడంతోనే పిల్లకి తనేం చదవాలనుకుంటోందో సగం తెలుస్తుంది.

ఈసారి మీ అమ్మాయి అడిగినప్పుడు ఆ కాగితాలు పక్కన పడెయ్యకండి. కూర్చోబెట్టి చదివించుకోండి. "ఏం నేర్పుతారే?" అని అడగండి. ఆ మాట ఇంట్లో మొదట అమ్మ నోటి నుంచే రావాలి.