సెలవులు పగిలితే?

పిల్లలూ! బడికే కాదు, నోటికీ సెలవులున్నాయి. పెదవులు కలిసే మూలను మన పెద్దలు సెలవి అన్నారు. అది పగిలిందా, చిలకలూరిపేట మిరపకాయ కారం ఇక నిప్పే!

ఎక్కడ ఎర్రబడిందో చూస్తే కారణం సగం తెలుస్తుంది. మూలల్లోనే చీలితే, ఉమ్మి తడికి బూజు జాతి సూక్ష్మజీవి చేరి ఉండవచ్చు. లేదా తిండిలో రైబోఫ్లేవిన్ అనే బి-2 విటమిన్, ఇనుము చాలక పోవచ్చు. ఇటువంటి లోపాలను పరిశీలించే పోషకాహార పరిశోధనశాల 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చింది. నాలుక అందినంత మేర ఎర్రని వలయం ఉంటే, అది పెదవులు నాకే అలవాటు. ఉమ్మి ఆరుతూ చర్మంలోని తేమను కూడా లాగేస్తుంది. తేనెరంగు పక్కు కడితే అది అంటుకునే కురుపు. తువాలు వేరుగా ఉంచి, వెంటనే వైద్యునికి చూపించాలి.

తల్లిదండ్రులకొక మాట. మీ అంతట మీరు స్టిరాయిడ్ పూతమందు తెచ్చి రాయకండి. మొదట ఎరుపు తగ్గుతుంది. మానగానే నోటిచుట్టూ చిన్న పొక్కులై తిరగబడుతుంది. రెండు వారాల్లో తగ్గకుంటే చర్మవైద్యుణ్ణి అడగండి.

పిల్లలూ, పాలు, పెరుగు, గుడ్డు, ఆకుకూరలు మానకండి. పెదవి ఎండితే వాజిలీను రాయండి. నాలుకకు మాత్రం సెలవివ్వండి!