ఇంటి ఛార్జింగ్: వేగం కన్నా ఎర్తింగ్ ముఖ్యం

ఎలక్ట్రిక్ కారు కొనాలనుకునే ఇంట్లో ముందుగా తలెత్తే ప్రశ్న ఇది: మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గు సరిపోతుందా, లేక గోడకు 7.2 కిలోవాట్ల పెట్టె బిగించుకోవాలా? బిలాస్‌పూర్‌లోని లింగియాడీహ్ లాంటి పేటలో ఈ ప్రశ్నకు మరో కోణం ఉంది. రైల్వే ఉద్యోగాలు తీసుకొచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో తరాలుగా ఉంటున్నాయి. వీరిలో కొందరిది సొంత ఇల్లు, కొందరిది అద్దె ఇల్లు, మరికొందరిది రైల్వే క్వార్టరు. గోడ మనది కాని చోట దానికి పెట్టె బిగించే హక్కు కూడా మనకు ఉండదు. అందుకే నెమ్మది ఛార్జింగ్ నిజంగా పనికిరానిదా, కాదా అన్నది తేల్చుకోవాలి.

గోడకు బిగించే పెట్టెను మనం ఛార్జర్ అంటున్నాం గానీ, అసలు ఛార్జర్ కారులోనే ఉంటుంది. ఇంటికి వచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన డీసీగా మార్చేది అదే. గోడ మీది పెట్టె భద్రత చూసుకుంటూ కరెంటును కారుకు అందిస్తుంది, అంతే. కారులోని ఛార్జర్ సామర్థ్యం 3.3 కిలోవాట్లే అయితే గోడకు 7.2 కిలోవాట్ల పెట్టె పెట్టినా కారు తీసుకునేది 3.3 మాత్రమే. పెట్టె కొనే ముందు కారు పుస్తకంలో ఈ ఒక్క అంకె చూస్తే వేల రూపాయలు మిగలవచ్చు.

ఇక కాలం లెక్క. 24 యూనిట్ల బ్యాటరీ ఉన్న చిన్న కారును తీసుకుందాం. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ మామూలు ప్లగ్గుతో నిండడానికి ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది. 7.2 కిలోవాట్లతో నాలుగు గంటల లోపే నిండుతుంది. వినడానికి తేడా పెద్దదే. కానీ రోజూ ఖాళీ బ్యాటరీతో ఇంటికి వచ్చేదెవరు? ఊళ్లో ఆఫీసు, బడి, బజారు అన్నీ కలిపి రోజుకు 40 కిలోమీటర్లు తిరిగినా ఖర్చయ్యేది ఆరేడు యూనిట్లు. మామూలు ప్లగ్గు దాన్ని రెండు గంటల్లో తిరిగి నింపేస్తుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు కారు ఎలాగూ ఖాళీగానే నిలబడి ఉంటుంది. రెండు గంటల పనిని ఒక గంటలో ముగించినందువల్ల నిద్రపోతున్న మనిషికి ఒరిగేదేమీ లేదు.

నెమ్మది ఛార్జింగ్‌లో కరెంటు వృథా అవుతుందన్న మాట కూడా వినిపిస్తుంది. అందులో నిజం ఉంది గానీ అది ఎక్కువగా అమెరికాకు వర్తించే నిజం. అక్కడ మామూలు ప్లగ్గు 120 వోల్టులది. దానితో కారుకు అందేది సుమారు 1.4 కిలోవాట్లు. ఛార్జింగ్ నడిచినంతసేపూ కారులోని కంప్యూటర్లు, పంపులు కొంత కరెంటు తింటూనే ఉంటాయి. అది 250 వాట్లు అనుకుందాం. 1.4 కిలోవాట్లలో అది ఆరో వంతు. మన 230 వోల్టుల ప్లగ్గు ఇచ్చే 3.3 కిలోవాట్లలో ఎనిమిది శాతం లోపే. 7.2లో మూడున్నర శాతం. అంటే మన దేశంలో మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గు కూడా అమెరికా ప్లగ్గుకు రెండింతల పైన వేగంగా పనిచేస్తుంది. అక్కడి వాళ్ల సలహాను ఇక్కడ యథాతథంగా పాటించనక్కర్లేదు.

బ్యాటరీ ఆయుష్షు మాటకొస్తే నెమ్మది పక్షాన అతిగా వాదించడం కూడా సరికాదు. 24 యూనిట్ల బ్యాటరీకి 7.2 కిలోవాట్లు అంటే గంటకు 30 శాతం. లిథియం అయాన్ బ్యాటరీకి అది పెద్ద భారం కాదు. వేసవిలో 45 డిగ్రీలు చూసే బిలాస్‌పూర్‌లో బ్యాటరీకి అసలు శత్రువు ఎండ. ఎండలో తిరిగి వచ్చిన కారును కాసేపు చల్లారనిచ్చి రాత్రి ఛార్జింగ్ పెట్టడం, కంపెనీ చెప్పిన పరిమితికి మించి నిండుగా రోజుల తరబడి ఉంచకపోవడం, ఈ రెండూ వేగం కన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

అసలు జాగ్రత్త పడవలసింది గోడలోని తీగ గురించి. 3.3 కిలోవాట్లకు తీగలో పారే కరెంటు 14 ఆంపియర్ల పైచిలుకు. 7.2 కిలోవాట్లకు 31 ఆంపియర్లు దాటుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. కాబట్టి కరెంటు రెండింతలు దాటితే అదే తీగలో వేడి దాదాపు ఐదింతలవుతుంది. గీజరు పావుగంటో అరగంటో నడిచి ఆగుతుంది. కారు గంటల తరబడి ఆగకుండా లాగుతుంది. వదులైన సాకెట్టు, సన్నని తీగ, పేరుకే ఉన్న ఎర్త్ అప్పుడు బయటపడతాయి. నెమ్మది ఛార్జింగ్‌కు కూడా మీటరు బోర్డు నుంచి విడిగా లాగిన మందపాటి రాగి తీగ, నాణ్యమైన సాకెట్టు, లీకేజీ కరెంటును పట్టి సరఫరాను ఆపే బ్రేకరు, పరీక్షించిన ఎర్తింగ్ కావాలి. 25 వేల వోల్టుల తీగల కింద పనిచేసే రైల్వే ఊరికి ఎర్తింగ్ విలువ ఒకరు చెప్పనక్కర్లేదు.

వీధి లెక్క కూడా చూడాలి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద పది ఇళ్లు ఒకేసారి 7.2 కిలోవాట్లు లాగితే 72 కిలోవాట్లు. అదే 3.3 అయితే 33. సాయంత్రం ఏసీలు, మోటార్లు నడిచే వేళ ఈ తేడాయే వీధిలో కరెంటు ఉండటానికి, పోవడానికి మధ్య తేడా కావచ్చు. కేంద్రం 2023లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు పగటి సౌర వేళల్లో తక్కువ, గిరాకీ వేళల్లో ఎక్కువ ధరకు దారి వేశాయి. స్మార్ట్ మీటరు వచ్చిన ఇంటికి ఎంత వేగంగా నింపామన్నదాని కన్నా ఏ వేళ నింపామన్నదే బిల్లులో కనిపిస్తుంది.

పెద్ద పెట్టె అక్కర్లేదని కాదు. కారును అద్దెకు తిప్పేవారికి, పెద్ద బ్యాటరీ ఉన్నవారికి, రాయ్‌పూర్‌కు తరచూ వెళ్లి వచ్చేవారికి అది ఉపయోగమే. అయితే ఇంటికి మంజూరైన లోడు పెంచుకున్నాకే, తీగ మార్చాకే దాన్ని పెట్టాలి.

మిగతావారి కోసం అడగవలసింది వేరే ఉంది. నలుగురు ఉన్న చోట ఒక వేగవంతమైన ఛార్జరు పెట్టి వంతులు వేసుకునే కన్నా, ప్రతి పార్కింగుకూ భద్రమైన ఒక 15 ఆంపియర్ల ప్లగ్గు, దానికో మీటరు ఇవ్వడం చవక, న్యాయం కూడా. నివాస సంఘాల్లో ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్‌కు విడి కనెక్షన్ తీసుకునే వీలును 2024 సవరణ కల్పించింది. అద్దె ఇంటివారు యజమానితో, క్వార్టరువారు తమ విద్యుత్ విభాగంతో ఆ ప్లగ్గు గురించే మాట్లాడాలి. ఆఫీసు పార్కింగుల్లోనూ అలాంటివే పెడితే పగటి సౌర విద్యుత్తు నేరుగా కార్లకు చేరుతుంది. పెద్ద పెట్టె పెట్టుకోలేనివారికి ఎలక్ట్రిక్ కారు అందకుండా పోకూడదు. వారికి కావలసింది నమ్మకమైన ఒక ప్లగ్గు, దాని వెనుక గట్టి ఎర్తింగ్.