జ్వరం నాలుగింటికి ఆగదు

తొలకరి పడితే చాలు, గచ్చిబౌలి నుంచి కోకాపేట దాకా తవ్విపెట్టిన సెల్లార్లన్నీ చెరువులవుతాయి. స్లాబుల మీద క్యూరింగ్‌కు కట్టిన మడుల్లో, లిఫ్టు గుంతల్లో, సైటు మూలన పడేసిన డ్రమ్ముల్లో నిలిచేది మురుగు కాదు, తేటనీరు. డెంగీ దోమకు కావలసింది సరిగ్గా అదే. గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా దానికి వారం పది రోజులు చాలు. ఆపైన పట్టపగలే కుడుతుంది. పగలంతా ఆ సైట్లలో ఉండేది పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి వచ్చిన కూలీలు, రేకుల షెడ్ల మధ్య ఆడుకునే వాళ్ల పిల్లలు. ఎదురుగా ఉన్న గేటెడ్ కమ్యూనిటీ వాళ్లు మాకేమిటనుకోనక్కర్లేదు. దోమ గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు రాసి లోపలికి రాదు.

ఈ వానాకాలం సైబరాబాద్‌లో ఉండేవారికి, పనిచేసేవారికి చేస్తున్న హెచ్చరిక ఇది: జ్వరమొస్తే మొదటి సూది ఎవరు వేస్తున్నారో చూసుకోండి. ఏం మందు ఎక్కిస్తున్నారో అడగండి.

ఎందుకంటే ఈ ఐటీ కారిడార్‌లో జ్వరం కథ దాదాపు ఒకేలా నడుస్తుంది. పొద్దున ఒళ్లు వేడెక్కినా మనిషి పనికే పోతాడు, రోజు కూలి పోతుందని. సాయంత్రం ఆరున్నరకు సైటు దిగేసరికి బస్తీ దవాఖానాకు తాళం పడి ఉంటుంది. పెద్దాస్పత్రి మెట్లెక్కాలంటే భయం. మిగిలింది మందుల షాపు, లేదా సందులో బల్ల వేసుకుని కూర్చునే ‘డాక్టరు సాబ్’. ఆయన నొప్పులకు ఒక సూది వేస్తాడు, అందులో స్టెరాయిడ్ కలిసినా అడిగేవాడు లేడు. నీరసమంటే ఒక సెలైన్ సీసా పెడతాడు. తెల్లారేసరికి ఒళ్లు చల్లబడుతుంది, మనిషి మళ్లీ సెంట్రింగ్ పనికి ఎక్కుతాడు.

అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. డెంగీలో గండం జ్వరం మండుతున్నప్పుడు కాదు, తగ్గుతున్నప్పుడు. సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగుతుంది. కొందరికి సరిగ్గా అప్పుడే రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారిపోవడం మొదలవుతుంది. రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. స్టెరాయిడ్ జ్వరాన్ని కప్పిపుచ్చుతుందే తప్ప డెంగీని తగ్గించదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్ప్రిన్ లాంటివి రక్తస్రావం ముప్పును పెంచుతాయి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు జ్వరానికి వేసుకోదగ్గది పారాసెటమాల్ ఒక్కటే, అదీ మోతాదు మించకుండా.

కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, మనిషి మగతగా పడి ఉండటం లేదా కుదురు లేకుండా కొట్టుకోవడం, చేతులు కాళ్లు చల్లబడటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారే దాకా ఆగకండి. జ్వరం తగ్గింది కదా అని సర్దిచెప్పుకోకండి. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి గుండెలు బాదుకోవడం ఎంత పొరపాటో, బొప్పాయి ఆకు రసం తాగించి ధీమాగా ఉండటమూ అంతే పొరపాటు. డాక్టర్లు అంకెతో పాటు ఈ లక్షణాలనూ, రక్తం ఎంత చిక్కబడిందో కూడా చూస్తారు.

సందులోని ఆర్‌ఎంపీని తిట్టడం తేలిక. అర్హత లేకుండా అల్లోపతి వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చని 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం చెబుతోంది. తనిఖీలు జరగాల్సిందే. కానీ రాత్రి తొమ్మిదింటికి తలుపు తీసి ఉన్నది ఆయన ఒక్కడే అయినప్పుడు, ఆ తలుపు మూయించి ఊరుకుంటే రోగి ఎక్కడికి పోవాలి?

హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు 2018 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. ఒక డాక్టరు, ఒక నర్సు, ఉచిత మందులు, ఉచిత రక్తపరీక్షలు. మంచి ఆలోచన, నిజంగా పేదవాడి గుమ్మం దాకా వచ్చిన ఆలోచన. అయితే పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా అనే వేళలు ఇంట్లో ఉండేవారికి సరిపోతాయి గానీ, కూలీకి, సెక్యూరిటీ గార్డుకు, హౌస్‌కీపింగ్ అక్కకు, డెలివరీ కుర్రాడికి కాదు. రాత్రీ పగలూ దీపం ఆరని ప్రాంతం మనది. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి ఇక్కడి పని గంటలు అమెరికా గడియారాన్ని బట్టి నడుస్తున్నాయి. సర్కారు దవాఖానా గడియారం మాత్రం సచివాలయం గోడ మీదిదే.

ఇక సంఖ్య సంగతి. పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం 50,000 మందికి ఒకటి ఉండాలన్నది జాతీయ ప్రమాణం. 2023 ఎన్నికల నాటికి ఒక్క శేరిలింగంపల్లి నియోజకవర్గంలోనే ఏడు లక్షలకు పైగా ఓటర్లున్నారు, రాష్ట్రంలోకెల్లా ఎక్కువ. ఓట్ల లెక్కనే చూసినా 14 కేంద్రాలు కావాలి. పిల్లలు ఈ లెక్కలో లేరు. ఓటు సొంతూళ్లో ఉంచుకుని ఇక్కడ ఇటుకలు మోసేవాళ్లూ లేరు. అంటే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే లెక్కకు అందరు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు, సంతోషం. కానీ అది పెద్ద చికిత్సలకు పనికొచ్చే పథకం. సాయంత్రం ఏడింటికి జ్వరంతో వచ్చిన పిల్లను ఒక డాక్టరు చూసి, ఇది మామూలు జ్వరమా కాదా అని తేల్చడం దాని పని కాదు. ఇంగ్లండ్‌లో అపాయింట్‌మెంట్ లేకుండా నేరుగా వెళ్లగలిగే అత్యవసర చికిత్సా కేంద్రాలు రోజుకు కనీసం 12 గంటలు తెరిచి ఉండాలన్నది నియమం. ఇన్ని అద్దాల మేడలు లేపిన చోట అది కోరడం అత్యాశ కాదు.

అందుకే ఈ వానలు వెనకబట్టే దాకా అయినా కారిడార్‌లోని బస్తీ దవాఖానాలను, పట్టణ ఆరోగ్య కేంద్రాలను రాత్రి తొమ్మిది దాకా నడపాలి. ఉన్న డాక్టరు మీదే మరో ఐదు గంటలు రుద్దడం కాదు, రెండో షిఫ్టుకు మనుషులను వేయాలి. బిల్డర్లకు కూడా ఒక మాట. పని జరిగేచోట ప్రథమ చికిత్స ఏర్పాటు 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం నుంచీ ఉన్న బాధ్యత. గోడకు తగిలించిన ఖాళీ డబ్బాతో అది తీరదు. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమం కోసమే వసూలవుతోంది, దాంతో లేబర్ క్యాంపులకు డాక్టరుతో కూడిన వాహనం సాయంత్రం పూట ఎందుకు రాకూడదు? వారానికోసారి సెల్లార్ నీళ్లు తోడించడానికి, లిఫ్టు గుంతల్లో మందు కొట్టించడానికి ఏ అనుమతీ అక్కర్లేదు. ఐటీ కంపెనీల మేనేజర్లు ఒకటి చేయండి: మీ గేటు దగ్గర నిలబడే గార్డు జీతం నెలకు 21,000 లోపయితే అతనికి ఈఎస్‌ఐ వర్తించాలి. కార్డు చేతికి వచ్చిందా అని కాంట్రాక్టరును కాదు, గార్డునే అడగండి.

జాగ్రత్త జ్వరానికే కాదు. ఛాతీలో నొప్పి వచ్చి ఎడమ చేతికి పాకినా, చెమటలు పట్టినా గ్యాస్ గోలీ వేసి పడుకోబెట్టకండి, 108 అంబులెన్స్‌ను పిలవండి. 108 మన నగరంలోనే 2005 ఆగస్టు 15న పుట్టిన సేవ, పైసా ఖర్చు లేదు. ప్రాణాపాయంలో ఉన్నవారికి ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ముందు వైద్యం అందించి తీరాలని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పిచ్చింది. ముందు డబ్బు కట్టమంటే ఆ మాట గుర్తుచేయండి.

బస్తీ దవాఖానాలో డబ్బు తీసుకోరు. మీ ఇంట్లోనో, మీ సైటులోనో, మీ ఇంటికి పనికొచ్చే మనిషికో జ్వరం వచ్చి రెండు రోజులు దాటితే ఒక పూట సెలవిచ్చి, కూలి కోయకుండా, నాలుగింటి లోపు అక్కడికి పంపండి.