కోనసీమలో వాల్వు ట్యూనరా?

పాతకాలం ఆడియో పిచ్చి మన ఐటీ జనాల్లో బాగానే ముదిరింది. రికార్డు ప్లేయరు అయ్యాక వాల్వు యాంప్లిఫయరు, అదీ అయ్యాక వాల్వు ఎఫ్.ఎం. ట్యూనరు. మా టీంలో ఒకతనిది రాజోలు దగ్గర పల్లెటూరు. ఊళ్ళో ఒక్కరే ఉంటున్న నాన్నగారి కోసం అమెరికా నుంచి 1960ల నాటి ట్యూనరు తెప్పిస్తాట్ట. "ఏది కొనమంటావ్ గురూ?" అనడిగాడు. నాదీ అమలాపురమే కాబట్టి మొహమాటం లేకుండా చెప్పా: ఏదీ వద్దు.

ఆ పెట్టెలు గొప్పవి కావని కాదు. మరాంట్జ్ 10బిలో స్టేషన్ సరిగ్గా కుదిరిందో లేదో చూపించే బుల్లి ఆసిల్లోస్కోప్ తెర ఉంటుంది. డైనకో ఎఫ్ఎం-3ని జనం కిట్టుగా కొనుక్కుని ఇంట్లోనే సోల్డరింగ్ చేసుకునేవారు. కానీ అవన్నీ అక్కడి ఊళ్ళ కోసం పుట్టినవి. అమెరికాలో స్టీరియో ఎఫ్.ఎం. 1961లోనే వచ్చింది. మన దేశంలో ఎఫ్.ఎం. మొదలైందే 1977లో, మద్రాసులో. అప్పటికి ట్రాన్సిస్టర్లు వచ్చేసి వాల్వులు మూలపడ్డాయి. మన తాతలు విన్న వాల్వు సెట్లు మీడియం వేవ్, షార్ట్ వేవ్‌లవి.

ఇక లెక్కలోకి వద్దాం, ఎలాగూ ఇంజనీర్లమే కదా! ఎఫ్.ఎం. దాదాపు చూపు ఆనినంత దూరమే పోతుంది. టవరు ఎత్తు, మన ఏరియల్ ఎత్తు మీటర్లలో తీసుకుని, రెండింటి వర్గమూలాలు కలిపి 4.1తో గుణిస్తే సుమారుగా కిలోమీటర్లు వస్తాయి. 100 మీటర్ల టవరు, 10 మీటర్ల ఎత్తులో ఏరియల్ అనుకోండి, 54 వస్తుంది. అమలాపురం నుంచి రాజమండ్రికి తిన్నగా గీత గీస్తే 50 పైచిలుకు. రాజోలు ఇంకాస్త దూరం. విజయవాడ 120 దాటుతుంది, విశాఖ సరేసరి. కోనసీమలో కొండలు అడ్డు రావు, అదొక్కటే అదృష్టం. కొబ్బరితోటలు మాత్రం కాస్తో కూస్తో సిగ్నల్ తినేస్తాయి.

ఇలా అంచు మీద ఉన్న సిగ్నల్‌కి ట్యూనరు ఎంత ఖరీదైనదైతే ఏం లాభం? ముందు డాబా మీద మంచి ఏరియల్ ఎత్తాలి. స్టీరియో మీద ఆశ కూడా తగ్గించుకోవాలి, ఎందుకంటే బలహీనమైన సిగ్నల్‌లో మోనో కంటే స్టీరియోలో బుస చాలా ఎక్కువ.

పైగా అమెరికా పెట్టె 117 వోల్టులది, మనది 230. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. అక్కడి డీ-ఎంఫసిస్ 75 మైక్రోసెకన్లు, మనది 50. మార్చకపోతే తాళాల చప్పుడు, వయొలిన్ పైస్థాయి మందంగా వినిపిస్తాయి. ఉప్పుగాలికి స్విచ్చులు, సాకెట్లు తుప్పు పడతాయి. అరవై ఏళ్ళ కండెన్సర్లు మార్చి, సిగ్నల్ జనరేటర్ పెట్టి అలైన్‌మెంట్ చేసే మనిషిని ఆ పల్లెటూళ్ళో ఆ పెద్దాయన ఎక్కడ వెతుక్కుంటారు?

అసలు నాన్నగారు ఏం వింటారని అడిగా. విజయవాడ స్టేషన్ట. 1948లో మొదలైన ఆ కేంద్రం మన జిల్లాల వాళ్ళకి ఇంట్లో మనిషిలాంటిది. ప్రసార భారతి వాళ్ళ న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి కేంద్రాలు వినొచ్చు. ఇంకో మాట కూడా బయటపడింది. వాళ్ళ అటక మీద తాతగారి వాల్వు రేడియో ఉంది, పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామనుకుంటున్నారు!

ఆ రోజుల సెట్లు చాలావాటికి వెనక గ్రామఫోన్ కోసం రెండు సాకెట్లు ఉండేవి. ఫోన్ నుంచి వైరు వాటికి కలిపితే చాలు, విజయవాడ వార్తలు వాల్వుల్లోంచే వినిపిస్తాయి. ఒక్క జాగ్రత్త: ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ సెట్లలో చాసిస్‌కే కరెంటు ఉండొచ్చు, వాటికి ఇలా ఫోన్ తగిలించకూడదు. ఏ సెట్టయినా తెలిసిన మెకానిక్కు చూసి, కారే కండెన్సర్లు మార్చేదాకా ప్లగ్గు పెట్టకండి.

ట్యూనరు డబ్బుల్లో కొంత ఆ మెకానిక్కుకివ్వడం నయం. మిగిలినదాంతో నాలుగుసార్లు ఊరెళ్ళి రావచ్చు, ఆ పెద్దాయన పక్కన కూర్చుని వినొచ్చు. ఏమంటారు?