ఎర్ర గొంగళి పురుగు - సంఘముల బాధ్యత

వేరుశనగ చేలలో ఎర్ర గొంగళి పురుగు కనబడగనే మన రైతులు సంఘపు గిడ్డంగికి పరుగెత్తి, అప్పు వ్రాయించుకొని మందు తీసికొనిపోవుదురు. అప్పటికే పురుగు రెండంగుళముల వరకు పెరిగి, ఒడలెల్ల రోమములతో నిండి, ఆకులు తిని ఈనెలు మాత్రము విడిచి యుండును. ముదిరిన పురుగుపై చల్లిన మందు చాలవరకు వ్యర్థమగును. అప్పు మాత్రము నిలిచి యుండును. ఈ పద్ధతి మారవలెనని మా అభిప్రాయము.

శత్రువును గెలువదలచినవాడు ముందుగా దాని నడవడిని తెలిసికొనవలెను. ఈ పురుగు ఒక రెక్కలపురుగు సంతతి. శాస్త్రజ్ఞులు దీనిని ఆమ్సాక్టా ఆల్బిస్ట్రైగా అందురు. ఇది దక్షిణదేశపు జాతి. మన రాయలసీమ మెట్టలందును, తమిళ కర్ణాటక ప్రాంతముల వర్షాధారపు భూములందును ఇది మెండు. రాజస్థానము, గుజరాతు మొదలగు ఉత్తరదేశములందు దీని దాయాదియగు ఆమ్సాక్టా మూరీ సజ్జ, జొన్న, అపరాల పైరులను పాడుచేయుచున్నది. మన జాతికి తెల్లని ముందురెక్కల అంచున పసుపుచార యుండును. ఉత్తరపు జాతికి ఆ చార ఎరుపు.

తొలకరి వాన నేలను బాగుగా తడిపిన పిమ్మట సాయంకాలములందు ఈ రెక్కలపురుగులు భూమినుండి వెలువడును. ఒక్కొక్క ఆడుపురుగు ఆకుల అడుగున గుంపులుగా ఇంచుమించు 600, 700 గ్రుడ్లు పెట్టును. రెండు మూడు దినములలో అవి పగులును. పిల్లపురుగులు కొన్నాళ్లు ఒక్కచోటనే గుంపుగూడి ఆకు పచ్చదనమును గీకి తినును. పిదప చెదరి, చేనునుండి చేనునకు దండువలె సాగును. 40, 50 దినములు తిని, గట్లవెంటను చెట్లనీడను జానెడు లోతున నేలలో దూరి కోశస్థదశలో నిద్రించును. ఆ నిద్ర మరుసటి తొలకరి వరకు, అనగా పది మాసముల వరకు సాగును. ఇది ప్రాయికముగా ఏటికొక్క తరమే.

దీనినిబట్టి రెండు సంగతులు స్పష్టమగుచున్నవి. మొదటిది, ఈ పురుగు మన చేతికి చిక్కు సమయములు మూడే: వేసవిదుక్కి, తొలివాన రాత్రులు, గ్రుడ్లు పెట్టిన మొదటి వారము. రెండవది, ఇది గట్టును ఎరుగదు. ఒక గ్రామమున మేము కన్న సంగతి చెప్పెదము. ఒక రైతు వేసవిలో లోతుగా దున్నించెను. కాకులు, గోరువంకలు నాగటివెంటనే తిరిగి కోశములను ఏరి తినెను. పొరుగు పొలము బీడు. ఆషాఢమున ఆ బీటినుండి వచ్చిన పురుగులు శ్రద్ధగల ఆ రైతు చేనినే ముందుగా తినివేసెను. మరుసటి యేడు అతడును దున్నలేదు. అతనిని తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు.

దీపము విషయమును అట్లే. ఒక్కడే మంట వేసినచో నలుదిక్కుల పురుగులు అతని చేనికే చేరును. ఊరెల్ల ఒక్కరాత్రి వేసినచో అందరికిని మేలు.

కావున ప్రతి సంఘమును ఈ క్రింది తీర్మానము చేయవలెనని కోరుచున్నాము. వేసవిలో బీళ్లును గట్ల ప్రక్కలును సంఘపు ఖర్చుతో దున్నింపవలెను. దున్నుకొనలేని పేదరైతు భూమిని ముందుగా దున్నింపవలెను. తొలివానలు పడిన రాత్రులందు ఏడు గంటలు మొదలు పదకొండు వరకు ఊరెల్ల మంటలు వేయవలెను. మరునాటినుండి మంటల చుట్టునున్న మొక్కలపై గ్రుడ్లను, పిల్లపురుగుల గుంపులను ఆకులతోసహా ఏరి నాశనము చేయుటకు కూలి యియ్యవలెను. దండు కదలినచో అడుగులోతు నిలువుగోడల కందకము త్రవ్వి, జిల్లేడు, ఆముదపు కొమ్మలను ఎరగా పరచి, చేరిన పురుగులను చంపవలెను.

ఖర్చని కొందరు వెనుదీయుదురు. మందుల అప్పుపద్దులను ఒక్కసారి తిరుగవేసి చూడుడు. ఒకప్పుడు సంచులకొలది చల్లిన బి. హెచ్. సి. పొడి 1997లో నిషేధింపబడినది; పురుగు మాత్రము నేటికిని వచ్చుచునే యున్నది. పురుగు పడిన పిమ్మట మందుపేరు చెప్పి మరలిపోయిన మాబోటి ప్రదర్శకులకును ఈ దోషములో పాలు కలదు. వచ్చు వేసవిసభలో ఈ తీర్మానమును మొదటి అంశముగా చేర్చిన సంఘము సభ్యులకు నిజమైన ఉపకారము చేసినదగును.